గొంతు పెంచకండి, రికార్డు తీయండి

ఫోన్ టింగుమంది. రిటర్న్ రిక్వెస్ట్. కారణం: 'ప్రొడక్ట్ డిఫెక్టివ్'.

ఒళ్లు మండింది కదూ? రోజుల తరబడి మగ్గం మీద కూర్చుని నేసిన చీర. ఎక్కడో లక్నోలో ఉన్నావిడ ఒక్క బటన్ నొక్కి 'డిఫెక్టివ్' అనేసింది. మీ వేళ్లు అప్పుడే జవాబు టైప్ చేసేస్తున్నాయి.

ఆగండి. ఫోన్ బోర్లా పెట్టండి. పది నిమిషాలు ఏమీ రాయొద్దు.

ఆన్‌లైన్ అమ్మకంలో కోపంతో కొట్టిన మెసేజ్ ఎక్కడికీ పోదు. రేపు ప్లాట్‌ఫామ్ వాళ్లు ఫైల్ తెరిస్తే ముందు కనిపించేది అదే. మీ చీర ఎంత బాగుందో వాళ్లకు తెలియదు. మీరు ఎలా మాట్లాడారో మాత్రం తెలుస్తుంది.

నారాయణపేటలో కూర్చుని దేశమంతా చీరలు అమ్మాలనుకునే మీకు సరుకు కొరత లేదు. నారాయణపేట జిల్లా అయింది 2019 ఫిబ్రవరిలో. చీరకు పేరు మాత్రం అంతకు ఎన్నో తరాల ముందే వచ్చింది. జీఐ గుర్తింపు ఉంది. గడుల ఒళ్లు, టెంపుల్ బార్డర్ చూడగానే 'ఇది నారాయణపేట' అని గుర్తుపట్టే కస్టమర్లున్నారు. మీకు కావాల్సింది ఇంకొక్క స్కిల్. గొడవను చల్లగా నడపడం. అది పుట్టుకతో వచ్చేది కాదు. అలవాటుతో వస్తుంది. మీకూ వస్తుంది.

ముందు మనిషిని అర్థం చేసుకోండి

యాప్‌లో రిటర్న్ పెట్టాలంటే ఏదో ఒక కారణం టిక్ చేయాలి. 'నచ్చలేదు' అని నిజం చెబితే వాపసు తీసుకోరేమోనని చాలామందికి భయం. అందుకే 'డిఫెక్టివ్' నొక్కుతారు. అది మీ నేతకు వేసిన మార్కు కాదు. మెనూలో ఉన్న ఒక ఆప్షన్, అంతే.

వెనక్కొచ్చే ప్రతి చీరా మూడు రకాల్లో ఏదో ఒకటి. మన తప్పు. అపార్థం. మోసం. మనలో చాలామంది అన్నిటినీ మూడో రకంలోనే వేస్తారు. అక్కడే దెబ్బతింటారు. మోసాలున్నాయి, కాదనను. కానీ మీకు చేతినిండా పని పెట్టేది అపార్థమే. దాన్ని ఆపడం పూర్తిగా మీ చేతిలో ఉంది.

లిస్టింగ్‌లోనే సగం గొడవ తీర్చేయండి

ఒక ఉదాహరణ చూడండి. చేనేత చీర అంచు పొడవునా సూదితో గుచ్చినట్టు సన్నటి రంధ్రాలుంటాయి. నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా రెండు అంచుల్నీ లాగిపట్టే ముళ్ల కర్ర గుర్తులవి. మీకు అది మగ్గం నేతకు సాక్ష్యం. మొదటిసారి చేనేత కొన్నావిడకు? 'చీరకు చిల్లులు.' ఆవిడ ఫొటో తీస్తుంది, రిటర్న్ పెడుతుంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. మీరు ముందు చెప్పలేదు.

కాబట్టి ఆ అంచును దగ్గర నుంచి ఫొటో తీసి లిస్టింగ్‌లో పెట్టండి. కింద ఒక్క లైను రాయండి: 'అంచులో కనిపించే సన్నటి రంధ్రాలు మగ్గం గుర్తులు, లోపం కాదు.' అక్కడక్కడ దారం ముడి, నేతలో చిన్న తేడా కూడా అంతే. చూపించండి, రాయండి.

రంగు సంగతి ఇంకో పెద్ద తలనొప్పి. నారాయణపేట మగ్గానికి ఒకేసారి ఎనిమిది చీరల పడుగు ఎక్కించడం ఆనవాయితీ. ఆ ఎనిమిదింటికీ పడుగు రంగు ఒక్కటే. తర్వాతి పడుగుకు అద్దకం కొంచెం అటూ ఇటూ కావచ్చు. మీరేమో మొదటి లాట్ ఫొటోతోనే ఏడాదంతా అమ్ముతుంటారు! ఇక్కడే 'ఫొటోలో మెరూన్, వచ్చింది ఎరుపు' అనే గొడవ పుడుతుంది. లాట్ మారిందా, ఫొటో మార్చండి. పగటి వెలుతురులో తీయండి. ఫిల్టర్ వద్దు. అందంగా కనిపించే ఫొటో ఆర్డర్ తెస్తుంది, నిజంగా కనిపించే ఫొటో డబ్బు నిలబెడుతుంది.

పొడవు టేపుతో కొలిచి రాయండి. బ్లౌజ్ ముక్క కలిపి ఎంత, విడిగా ఎంత అన్నది స్పష్టంగా ఉండాలి. కాటనా, సిల్కా, రెండూ కలిసిందా చెప్పండి. మొదటి ఉతుకు విడిగా, చల్లటి నీళ్లలో అని రాయండి. పవర్‌లూమ్ చీర అమ్ముతుంటే పవర్‌లూమ్ అనే రాయండి. దాన్ని చేనేత అని అమ్మేవాళ్లకు ఈ వ్యాసం పనికిరాదు. వాళ్లకు వచ్చే రిటర్న్‌లు న్యాయమైనవే.

చేనేత అమ్మేవాళ్లకు కేంద్రం 2006లో తెచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ ఉంది. తీసుకుని చీరకు కుట్టించండి. రేపు 'ఇది మగ్గం చీర కాదు' అని ఎవరైనా అంటే మీ బదులు లేబుల్ మాట్లాడుతుంది.

ప్యాకింగ్ బల్ల దగ్గర రెండు నిమిషాలు

ఇది రోజువారీ అలవాటు. మినహాయింపుల్లేవు. బతుకమ్మ, దసరా రద్దీలో కూడా. అసలు ఆ రద్దీలోనే ఎక్కువ అవసరం.

ఫోన్‌కు ఒక స్టాండ్ కొనండి. చీర మడత విప్పి ఒళ్లు, రెండు అంచులు, కొంగు, లేబుల్ చూపించండి. మడిచి కవర్లో పెట్టి సీల్ చేయండి. షిప్పింగ్ లేబుల్ మీద నంబరు చదవగలిగేంత దగ్గరగా చూపించండి. మొత్తం ఒకే షాట్, మధ్యలో కట్ ఉండకూడదు. వీడియో ఫైలుకు ఆర్డర్ నంబరే పేరు పెట్టండి. కనీసం రిటర్న్, క్లెయిమ్ గడువులన్నీ ముగిసేదాకా దాచండి.

ఇంకో చిన్న చిట్కా. కొంగు మూలకు దారంతో ఒక నంబరు ట్యాగ్ కట్టండి. 'ట్యాగ్ తీస్తే రిటర్న్ లేదు' అని బెదిరించడానికి కాదు. వెనక్కొచ్చింది మీరు పంపిన చీరేనా అన్నది తేలాలి కదా!

పార్శిల్ తిరిగొచ్చినప్పుడూ ఇదే పద్ధతి. కెమెరా ఆన్ చేశాకే కత్తెర పట్టుకోండి. ముందు పార్శిల్ అన్ని వైపులా, సీలు, లేబుల్ నంబరు. తర్వాత విప్పండి. చీరను వెలుతురుకు ఎత్తిపట్టి చూడండి. భుజం మీద పిన్ను పెట్టే చోట రెండు చిన్న చుక్కలున్నాయా? కింది అంచుకు ఫాల్ కుట్టి విప్పిన గుర్తులున్నాయా? కుచ్చిళ్ల దగ్గర నలిగిందా? సెంటు వాసన వస్తోందా? ఇవి కనిపిస్తే ఆ చీర ఒక పెళ్లి చూసొచ్చిందన్నమాట. ఒక్కోటీ దగ్గరగా ఫొటో తీయండి. మీ నోరు మాత్రం తెరవకండి.

ఏం రాయాలి? ఎలా రాయాలి?

కొన్నావిడ మెసేజ్: 'రంగు వేరేగా ఉంది. మోసం చేశారు.'

మీ మనసులో జవాబు: 'మీ ఫోన్ బ్రైట్‌నెస్ చూసుకోండి మేడమ్. మేము తరతరాలుగా నేస్తున్నాం.'

మీరు పంపాల్సిన జవాబు: 'నమస్తే మేడమ్. రంగు మీరు అనుకున్నట్టు లేదని అర్థమైంది. దయచేసి పగటి వెలుతురులో ఒక ఫొటో పంపండి. మేం పంపేముందు తీసిన వీడియోతో పోల్చి ఈ రోజు సాయంత్రంలోగా చెప్తాను. తేడా మా వైపు ఉంటే వాపసు తీసుకుంటాం.'

తేడా చూశారా? తప్పు ఒప్పుకోలేదు. తప్పు మోపలేదు. ఏం చేస్తారో, ఎప్పటిలోగా చేస్తారో చెప్పారు. 'మోసం' అన్న మాటను పట్టించుకోలేదు. మీరు జవాబివ్వాల్సింది ఆ మాటకు కాదు, రంగుకు.

మాట్లాడేదంతా యాప్ చాట్‌లోనే. 'వాట్సాప్‌కు రండి, మాట్లాడుకుందాం' అనొద్దు. బయట జరిగిన మాట లెక్కలోకి రాదు. పైగా చాలా ప్లాట్‌ఫామ్‌ల రూల్స్ దానికి ఒప్పుకోవు.

క్లెయిమ్ వేయండి, కథ చెప్పొద్దు

మోసం అని తేలిందా? అప్పుడు వెనక్కి తగ్గొద్దు. అమెజాన్‌లో సేఫ్-టి క్లెయిమ్ ఉంది. మిగతా ప్లాట్‌ఫామ్‌లలోనూ సెల్లర్ ప్యానెల్‌లో ఇలాంటి దారి ఉంటుంది. ప్రతిదానికీ గడువుంటుంది, ఆ గడువులు మారుతుంటాయి. మీ ప్లాట్‌ఫామ్ గడువు ఎన్ని రోజులో ఇవాళే చూసి ప్యాకింగ్ బల్ల పైన గోడకు అంటించండి.

క్లెయిమ్‌లో ఇలా రాయండి: 'పంపిన చీర ట్యాగ్ నంబరు ఫలానా. తిరిగొచ్చిన చీరకు ట్యాగ్ లేదు, అంచు డిజైన్ వేరు. ప్యాకింగ్ వీడియో, విప్పిన వీడియో జత చేశాను.' చాలు. మీ కష్టం, మీ అప్పులు అందులో వద్దు. అవి నిజమే. కానీ క్లెయిమ్ చదివే ఉద్యోగికి కావాల్సింది ఆధారం.

తిరస్కరించారా? కారణం చదివి, అడిగిన ఆధారం చేర్చి మళ్లీ అప్పీలు చేయండి. అప్పటికీ కాలేదా? పుస్తకంలో రాసుకుని ముందుకెళ్లండి. ప్రతి కేసూ గెలవరు. మార్కెట్‌ప్లేస్‌లు కొనేవాళ్ల వైపే మొగ్గుతాయి, నిజమే. కానీ ఆ మొగ్గు వల్లే లక్నో ఆవిడ ముక్కూ మొహం తెలియని మీకు డబ్బు కడుతోంది. దాన్ని తిట్టుకుంటూ కూర్చోకండి.

చట్టం ఒకసారి చూడండి

'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని బిల్లు మీద అచ్చేయిస్తే సరిపోతుందనుకుంటున్నారా? సరిపోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును వాపసు తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులు లెక్క. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు ఇంకొంచెం ముందుకెళ్లాయి. చెప్పిన లక్షణాలు సరుకులో లేకపోయినా, చెప్పిన సమయానికి అందకపోయినా మీరు వాపసుకు నో అనకూడదు. వరదల్లాంటి చేతిలో లేని కారణంతో ఆలస్యమైతే వేరే సంగతి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. వదినతోనో మరదలితోనో ఫైవ్ స్టార్ రివ్యూ రాయించే అలవాటుంటే ఇప్పుడే మానేయండి. కొన్నవాళ్ల వేషంలో అమ్మేవాళ్లు రివ్యూ రాయడాన్ని కూడా ఆ నియమాలు నిషేధించాయి.

కస్టమర్ జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేశారని భయపడొద్దు. మీ దగ్గర వీడియో, చాట్, తేదీలు ఉంటే అక్కడా అదే ఫైలు చూపిస్తారు.

డబ్బు లెక్క

రిటర్న్ అయిన ప్రతి అమ్మకానికీ క్రెడిట్ నోట్ రాయండి. జీఎస్టీ కింద ప్లాట్‌ఫామ్ కోసుకునే టీసీఎస్ 2024 జులై 10 నుంచి అర శాతం. అది రిటర్న్‌లు తీసేశాక మిగిలిన అమ్మకం మీదే పడాలి. నెలనెలా సెటిల్‌మెంట్ రిపోర్టుతో సరిచూడకపోతే మీ డబ్బు ఎక్కడ ఆగిందో మీకే తెలియదు.

దాంతోపాటు ఒక రిటర్న్ రిజిస్టర్ పెట్టండి. మామూలు నోటుబుక్ చాలు. తేదీ, ఏ చీర, వాళ్లు చెప్పిన కారణం, మీకు కనిపించిన కారణం, చివరికి ఏమైంది. నెలాఖరున కూర్చుని చదవండి. ఒకే చీర మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే తప్పు కస్టమర్లందరిదీ అయ్యుండదు.

ఇంట్లో నేసేవాళ్లతో ఈ మాటలు చెప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త. 'నీ చీర వెనక్కొచ్చింది నాయనా' అనకండి. 'లిస్టింగ్‌లో అంచు సరిగా చూపించలేదు' అనండి. నిజం కూడా చాలాసార్లు అదే. మగ్గం మీద కూర్చున్న మనిషి మనసు విరిగితే ఏ క్లెయిమూ దాన్ని తిరిగివ్వదు.

ఈ రాత్రి ఒక్క పని చేయండి. ఈ మధ్య ఎక్కువసార్లు వెనక్కొచ్చిన ఒక్క చీర లిస్టింగ్ తెరవండి. కొనేవాళ్ల కళ్లతో చదవండి. చెప్పనిదేదో రాయండి. రేపు పొద్దున వెలుతురు రాగానే అంచు ఫొటో తీసి పెట్టండి. ఆ తర్వాత వచ్చే మొదటి ఆర్డర్‌తోనే ప్యాకింగ్ వీడియో మొదలుపెట్టండి.