కాటన్ అంటే పత్తి కాదు

అమీర్‌పేటలో 'ప్యూర్ కాటన్' బోర్డు కనపడకుండా పది అడుగులు వేయలేం. సివిల్ బ్రాంచ్ వాళ్లకి ఇంకో కాటన్ కూడా తెలుసు. 1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్. ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం చూసే ఉంటారు. ఆయన పూర్వీకులు పత్తి వ్యాపారులై ఉంటారని మా క్లాసులో సగం మంది అభిప్రాయం.

బట్ట పేరు అరబ్బీ 'కుత్న్'. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి చేరింది. ఇంటిపేరు మాత్రం అచ్చ ఇంగ్లీషు. పాత ఇంగ్లీషులో 'కాట్' అంటే గుడిసె. కాటేజ్‌లో ఉన్నది ఈ మాటే. దానికి బహువచన విభక్తి చేరిస్తే 'కాటుమ్', అంటే 'గుడిసెల దగ్గర'. ఇలా పేరు పడ్డ పల్లెలు ఇంగ్లండులో చాలా ఉన్నాయి. కేంబ్రిడ్జి పక్కనే కోటన్ అనే ఊరుంది. అలాంటి ఊళ్ల నుంచి బయటికి వెళ్లినవాళ్లని పక్క ఊరివాళ్లు ఆ పేరుతో పిలిచారు, అదే వంశానికి అతుక్కుంది. 1066లో నార్మన్లు గెలిచాక దొరల ఇళ్లలో మొదలైన ఈ ఇంటిపేర్ల అలవాటు మామూలు జనానికి చేరడానికి సుమారు 300 ఏళ్లు పట్టింది.

అన్నట్టు, మన హాస్టళ్లలో నెలకింత అని అద్దెకిచ్చే 'కాట్' వేరు. అది హిందీ 'ఖాట్', సంస్కృతంలో ఖట్వ. ఇక్కడి నుంచి ఇంగ్లీషులోకి వెళ్లి, మళ్లీ మన దగ్గరికే అద్దెకొచ్చింది!

నాకు బాగా నచ్చింది ఆ 'ఉమ్' సంగతి. రాజమండ్రి వీరేశలింగంగారి ఇంటిపేరు చూడండి. ఊరు కందుకూరు, ఇంటిపేరు కందుకూరి. ఊరు-ఊరి, ఇల్లు-ఇంటి: తెలుగు వ్యాకరణంలో దీన్ని ఔపవిభక్తికం అంటారు. 'కందుకూరి వారు' అనడంలో 'వారు' రాలిపోయినా 'రి' మిగిలింది. అక్కడ 'ఉమ్' అరిగి 'అన్' అయింది. రెండు చోట్లా ఊరు వదిలిన మనిషిని విభక్తి మాత్రం వదల్లేదు. 'ఇంటిపేరు' అనే మాటలో 'టి' కూడా ఇదే సరుకు.

ఇదంతా పరీక్షకి రాదు, నిజమే. కానీ మన ఇంటిపేర్లు టెన్త్ మెమోలో ఒక్క అక్షరానికి కుదించుకుపోయాయి. పాస్‌పోర్టులో పేరంతా సర్‌నేమ్ గడిలో పడి, గివెన్ నేమ్ ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద 'ఎఫ్ఎన్‌యూ' అని వస్తుంది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని దానర్థం.

మొన్న పంజాగుట్టలో ఓ కన్సల్టెన్సీలో మా రూమ్మేట్‌ని ఇనీషియల్ విప్పి చెప్పమన్నారు. వాడికి తెలీదు. ఇంటికి ఫోన్ చేస్తే నానమ్మ చెప్పింది, అది వాళ్ల పాత ఊరి పేరని. ఊరు శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయింది. ఫారంలో చివర 'ఊరు' అని రాయాలా 'ఊరి' అని రాయాలా అని నన్నడిగాడు.

'ఊరి' అనే రాయమన్నాను.