ఇనుప స్తంభమునకు రంధ్రము వేయక హెచ్చరిక పలకను బిగించు విధము

వాగు పొంగి చప్టాపై నీరు పారునపుడు "దాటరాదు" అను హెచ్చరిక పలక నిలువవలసినది కొద్ది దినములే. కాని ఆ కొద్ది దినములలో అది ఒక్క రాత్రి పడిపోయినను, గాలికి తిరిగి బాటసారికి వీపు చూపినను ప్రాణహాని కలుగవచ్చును. మోకాలిలోతు నీరు సయితము వేగముగ పారునపుడు మనిషిని పడవేయగలదు. కావున ఇట్టి పలక అవసరమున్నంత కాలము కదలక నిలువవలెను. అవసరము తీరగానే సులభముగ ఊడి రావలెను. స్తంభమునకు హాని చేయరాదు. ఈ మూడును సాధించు విధమును పంచాయతీ సభ్యుల, యువజనుల ఉపయోగార్థము వివరించుచున్నాము.

రంధ్రము ఏల కూడదు?

ఇనుప గొట్టపు స్తంభములకు తుప్పు పట్టకుండుటకై జింకు పూత పూయుదురు. రంధ్రము వేసినచో ఆ పూత తెగి, లోపలి ఇనుము బయటపడును. వాననీరు గొట్టములోనికి దిగి, కంటికి కనబడని చోట తుప్పు ప్రారంభమగును. ఏటేట ఒకే ఎత్తున రంధ్రములు వేసిన స్తంభము తుదకు అచ్చటనే విరుగును.

కావలసిన వస్తువులు

మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు గల ప్లైవుడ్ పలక. రెండంగుళముల వెడల్పు, అంగుళము మందము గల రీపరు చెక్కలు నాలుగు. నట్లు, వాషర్లతో బోల్టులు నాలుగు. పాత సైకిలు ట్యూబు. స్తంభపు మందమును కొలిచి, దానికి మూడున్నర అంగుళములు కలిపినచో బోల్టు పొడవు తేలును.

బిగించు పద్ధతి

పలక వెనుక పైభాగమున ఒకటి, క్రిందిభాగమున ఒకటిగా రెండు రీపర్లను అడ్డముగ మేకులతో కొట్టవలెను. స్తంభముపై ఆ రెండు చోట్ల ట్యూబు ముక్కలను చుట్టవలెను. రబ్బరు వలన పట్టు హెచ్చును, పూత గీచుకొనిపోదు. పిమ్మట పలకను స్తంభమునకు ముందు నిలిపి, మిగిలిన రీపర్లను వెనుక ఉంచవలెను. బోల్టులను స్తంభమునకు ఇరుప్రక్కల, దానికి వీలయినంత దగ్గరగా పోనిచ్చి, నట్లను మార్చి మార్చి బిగించవలెను. స్తంభము గుండ్రనిదైనచో వెనుక రీపరు నడుమ కత్తెర నోరువలె గాడి తీసిన పలక తిరుగదు.

పలక చిన్నదైనచో మోటారు పైపులకు బిగించెడి ఇనుప క్లాంపులు రెండు చాలును. నార త్రాడు తడిసి బిగిసి, ఆరి వదులగును. సాధారణ ప్లాస్టిక్ పట్టీలు ఎండకు పెళుసెక్కును. ఇవి ఒక్కదినపు పనికే తగును.

గాలి బలము

గాలి వేగము రెండింతలైనచో దాని ఒత్తిడి నాలుగింతలగును. పైన చెప్పిన పలకపై గంటకు 36 కిలోమీటర్ల గాలి సుమారు 3½ కిలోల బరువుతో త్రోయును. 72 కిలోమీటర్ల గాలి సుమారు 13½ కిలోల బరువుతో త్రోయును. కావున బిగించిన పిదప పలక అంచును చేతితో గట్టిగా నెట్టి చూడవలెను. ప్రతి గాలివాన తరువాత నట్లను మరల పరీక్షించవలెను.

మరువరాని సంగతులు

విద్యుత్ స్తంభమునకు ఎన్నడును పలక కట్టరాదు, అది ప్రాణాపాయము. ఇతర శాఖల స్తంభమైనచో వారి అనుమతి పొందవలెను. ఉన్న రహదారి గుర్తులను కప్పరాదు. పలకను నీటి అంచున గాక, వాహనము ఆగి మరలుటకు వీలగునంత ముందుగా, వాగుకు రెండు వైపులను నిలుపవలెను. రాత్రివేళ దీపపు వెలుగునకు మెరయు పట్టీలను అంటించుట మేలు.

వాగు తగ్గి, దారి క్షేమమని అధికారులు తెలిపిన పిదప పలకను విప్పి, బోల్టులకు నూనె రాచి పంచాయతీ కార్యాలయమున భద్రపరచవలెను. ఎండకాలములో సయితము "దాటరాదు" అని నిలిచియున్న పలకను జనులు లెక్కచేయుట మానుదురు. నిజముగ వాగు వచ్చిన నాడును దానిని నమ్మరు. సకాలములో బిగించుట ఎంత ముఖ్యమో, సకాలములో విప్పుటయు అంతే ముఖ్యము.