నొప్పి మనిషిదా, పనిదా?

సీతారామపురంలో నెల్లూరు బస్సెక్కే పిల్లల సంచుల్లో సర్టిఫికెట్ల ఫైలు, రెండు జతల బట్టలు, ఊరగాయ సీసా ఉంటాయి. సాగనంపే పెద్దవాళ్ళు అడిగేది ఒకటే: "జీతం ఎంతిస్తారంట అబ్బయ్యా?" వానను నమ్ముకుని బతికే మెట్ట ప్రాంతంలో ఆ ప్రశ్నే ముందు రావడంలో తప్పులేదు. దానికి ఇంకో ప్రశ్న కూడా జతచేయండి: "ఆ పని పదేళ్ళు చేస్తే నీ నడుము, కళ్ళు, నిద్ర ఎట్టుంటాయి?"

ఈ ప్రశ్న అడగడం అలవాటైన వాళ్ళు మంచి ఉద్యోగాన్ని గుర్తుపట్టగలరు. దీనికి జవాబు వెతకడమే వృత్తిగా చేసుకుంటే వందలమంది ఆరోగ్యాన్ని కాపాడవచ్చు. ఆ రెండు దారులూ ఇక్కడ చూద్దాం.

బావి నేర్పిన పాఠం

పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు 1970 దాకా నెల్లూరు జిల్లాలోనివే. అక్కడి పల్లెల్లో చాలామందికి నడివయసుకే వెన్ను బిగుసుకుపోయేది. మెడ తిరిగేది కాదు, కీళ్ళు వంగేవి కావు. షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1937లో ఈ వ్యాధి గురించి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. కారణం తాగేనీటిలోని ఫ్లోరైడ్. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా గుర్తించిన తొలి ప్రాంతాల్లో మన నెల్లూరు సీమ ఒకటి.

ఒకే బావి నీళ్ళు తాగే ఊళ్ళో అందరికీ ఒకే జబ్బు వస్తే, వైద్యం బావి దగ్గరే మొదలవ్వాలి. పని కూడా అంతే. ఒకే కౌంటర్లో నిలబడే పదిమందికి కాళ్ళు వాస్తుంటే, ఒకే లైనులో కూర్చునే ఇరవైమందికి మెడ పడుతుంటే, "ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు" అనేసి ఊరుకోకూడదు. ఆ పనిని ఎలా అమర్చారో చూడాలి. పనిని మనిషి ఒంటికీ మనసుకూ తగ్గట్టు అమర్చే విద్యకే పని రూపకల్పన అని పేరు.

ఉదయగిరి చెంచా వెనుక

ఉదయగిరి చెక్క చెంచాలు, గరిటెలు, ఫోర్కులకు భౌగోళిక గుర్తింపు ఉంది. దుర్గం కొండల నుంచి వచ్చే నర్ది, బిక్కి, దేవదారి లాంటి చెక్కతో వీటిని చేస్తారు. ఈ పనిచేసే వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. ఒక చెంచా తయారయ్యే తీరు దగ్గర నుంచి చూడండి. ముక్క కోయాలి, ఉలితో గుంట తీయాలి, ఆకురాయితో అరగదీయాలి, చివర నునుపు చేయాలి. అరగదీసేటప్పుడు చెక్కపొడి సన్నగా లేచి ముంజేతుల మీద, కనుబొమల మీద పేరుకుంటుంది. కొంత ఊపిరితో లోపలికి పోతుంది. చెక్కపొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది.

ఇక్కడ ఎవరికైనా ముందుగా తట్టే సలహా "మాస్కు కట్టుకోండి". ఈ రంగంలో చదువుకున్నవాళ్ళు మాస్కును చివరి మెట్టుగా చూస్తారు. వాళ్ళ వరుస ఇది:

• ప్రమాదాన్ని పూర్తిగా తీసేయగలమా? అరగదీయాల్సిన అవసరమే తగ్గేలా ముక్కను మొదటే సరైన కొలతకు కోసుకోవచ్చు.
• తక్కువ హాని చేసేదానితో మార్చగలమా? ఎక్కువ పొడి లేపే పద్ధతి బదులు తక్కువ లేపేది వాడవచ్చు.
• యంత్రంతో అడ్డుకట్ట వేయగలమా? పొడి లేచిన చోటే పీల్చేసే గొట్టం అమర్చవచ్చు. ముక్కను చేత్తో నొక్కిపట్టే బదులు బెంచీకి బిగించుకోవచ్చు. అప్పుడు నడుము వంగదు, మణికట్టు మీద భారం తగ్గుతుంది.
• పద్ధతి మార్చగలమా? గంటసేపు అరగదీసిన మనిషి తర్వాతి గంట నునుపు పనికి మారవచ్చు.
• ఇవన్నీ చేశాక కూడా మిగిలే ప్రమాదానికి మాస్కు, కళ్ళద్దాలు.

పై మెట్ల దగ్గర పని మారుతుంది. కింది మెట్టు దగ్గర మొత్తం భారం పనిచేసేవాళ్ళ మీదే పడుతుంది. ఈ తేడా తెలిసిన మనిషికి ఏ ఫ్యాక్టరీలోనైనా విలువ ఉంటుంది.

మన ఊళ్ళోనే ఇంకో ఉదాహరణ ఉంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పనిచోట తాగేనీళ్ళు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని చెప్పింది. ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు వస్తే వాళ్ళను చూసుకోవడానికి ఒకామెను పెట్టి, ఆమెకూ కూలి ఇమ్మంది. ఎండాకాలంలో తెల్లవారకముందే కరువు పనికి పోయి, ఎండ ముదిరేలోపు పలుగూ పారా భుజాన వేసుకుని తిరిగొచ్చేవాళ్ళను మీరు చూసే ఉంటారు. పనివేళ మార్చి వడదెబ్బను తప్పించడం పని రూపకల్పనే.

మనసుకూ ఇదే లెక్క

రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు 1979లో అమెరికా, స్వీడన్ ఉద్యోగుల వివరాలు పరిశీలించి ఒక సంగతి చూపించాడు. పని ఒత్తిడి బాగా ఎక్కువగా ఉండి, ఆ పని ఎలా చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ తక్కువగా ఉన్నచోట మనిషి ఎక్కువగా నలిగిపోతాడు. అందుకే కష్టమైన పని చేసే రైతుకన్నా, నిమిషాల లెక్కన ఫోన్లు ఎత్తుతూ మంచినీళ్ళకు లేవడానికి కూడా అనుమతి అడగాల్సిన ఉద్యోగి ముందు అలిసిపోవచ్చు.

ఎక్కువ గంటల సంగతీ తేలింది. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్ళతో పోలిస్తే 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్ళకు పక్షవాతం వచ్చే ముప్పు 35 శాతం, గుండెకు రక్తం అందని జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో అంచనా వేశాయి. 2022లో కార్మిక సంస్థ ఆరోగ్యకరమైన, సురక్షితమైన పనిచోటును పనిచేసేవారి ప్రాథమిక హక్కుల్లో చేర్చింది.

ఇదే వృత్తి కావాలంటే

సేఫ్టీ ఆఫీసర్: 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ ప్రకారం 500 మంది పనిచేసే ఫ్యాక్టరీల్లో, ప్రమాదకర ప్రక్రియలు ఉంటే 250 మందికే, ఈ అధికారి ఉండాలి. చెన్నైలోని ప్రాంతీయ కార్మిక సంస్థ కేంద్ర ప్రభుత్వానిది. అక్కడ పారిశ్రామిక భద్రతలో ఏడాది అడ్వాన్స్‌డ్ డిప్లొమా ఉంది. ఇంజినీరింగ్ డిగ్రీ లేదా డిప్లొమాకు తోడు ఫ్యాక్టరీ అనుభవం అడుగుతారు. నేరుగా డిగ్రీ చదవాలంటే కొచ్చిన్ యూనివర్సిటీలో సేఫ్టీ అండ్ ఫైర్ ఇంజినీరింగ్, పీజీకి తిరుచ్చి ఎన్‌ఐటీలో ఇండస్ట్రియల్ సేఫ్టీ ఉన్నాయి. గోడల మీద ప్రకటనలు చూసి "ఫైర్ అండ్ సేఫ్టీ" కోర్సులకు ఫీజు కట్టేముందు, ఆ సర్టిఫికెట్‌ను ప్రభుత్వం గుర్తిస్తుందో లేదో కనుక్కోండి.

డిజైనర్: కుర్చీ ఎత్తు, పనిముట్టు పిడి, యంత్రం మీది బటన్ స్థానం నిర్ణయించే ఎర్గోనామిక్స్ డిజైన్ చదువులో భాగం. మన రాష్ట్రంలోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఉంది. ఐఐటీల్లో బీడిజైన్‌కు యూసీడ్, ఎండిజైన్‌కు సీడ్ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా యూసీడ్ రాయవచ్చు.

ఆరోగ్య నిపుణులు: బైపీసీ పిల్లలకు ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, నర్సింగ్ దారులున్నాయి. ఎంబీబీఎస్ తర్వాత పారిశ్రామిక ఆరోగ్యంలో ఏఎఫ్‌ఐహెచ్ అనే మూడు నెలల కోర్సు ఉంది. పరిశోధన ఇష్టమైతే అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ గురించి తెలుసుకోండి.

సంక్షేమ అధికారి, సైకాలజిస్టు: 250 మంది కార్మికులున్న ఫ్యాక్టరీకి సంక్షేమ అధికారి ఉండాలి. ఆర్ట్స్ డిగ్రీ తర్వాత సోషల్ వర్క్, మానవ వనరులు, సైకాలజీ చదివినవాళ్ళకు ఇది మంచి అవకాశం. పల్లె మాట, కూలి బతుకు తెలిసిన మీకు కార్మికులు మనసు విప్పి చెబుతారు. ఆ నమ్మకం ఏ డిగ్రీతోనూ రాదు.

చేరేముందు అడగండి

శ్రీసిటీకో, నాయుడుపేటకో, చెన్నై బట్టల కొట్టుకో, బెంగళూరు ఆఫీసుకో వెళ్తున్నారు. సంకోచపడకుండా ఇవి అడగండి:

• నియామక పత్రం ఇస్తారా? కొత్త కోడ్ ప్రకారం అది మీ హక్కు.
• వారానికి ఎన్ని గంటలు? ఫ్యాక్టరీలో 48 దాటితే అదనపు గంటలకు రెట్టింపు వేతనం కట్టిస్తారా?
• రాత్రి షిఫ్టు ఎన్నాళ్ళకొకసారి మారుతుంది?
• కూర్చోవడానికి చోటుందా? కొట్లలో పనిచేసేవాళ్ళకు కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. సేల్స్‌గర్ల్స్‌గా చెన్నై వెళ్ళే మన ఆడపిల్లలు ఈ సంగతి తెలుసుకుని వెళ్ళాలి.
• ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా, ఉందా? జీతం నెలకు 21,000 లోపైతే మీ నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం జమ కావాలి. జీతం చీటీలో ఆ వరుస ఉందేమో చూసుకోండి.

చేరాక మనసు కుంగితే దాచుకోవద్దు. టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో ఉచితంగా మాట్లాడతారు.

ఈ సెలవుల్లో ఒక పని

ఊళ్ళో ఒక పనిచోటు ఎంచుకోండి. టైలర్ షాపు, వెల్డింగ్ షెడ్డు, హోటల్ వంటిల్లు, చెంచాల పని, ఏదైనా సరే. వాళ్ళ అనుమతి అడిగి ఒక పూట పక్కనే కూర్చోండి. గంటకు ఎన్నిసార్లు వంగుతున్నారు, ఎంత బరువు ఎత్తుతున్నారు, వెలుతురు ఎటునుంచి పడుతోంది, నీళ్ళు ఎప్పుడు తాగారు, రాసుకోండి. ఎక్కడ నొప్పిగా ఉందని అడగండి. పై మెట్ల వరుస ప్రకారం ఖర్చు తక్కువయ్యే మార్పు ఒకటి వాళ్ళతోనే ఆలోచించండి. కుట్టుమిషను ముందున్న ఎత్తు స్టూలు మార్చినా చాలు. వారం తర్వాత మళ్ళీ వెళ్ళి, నొప్పి ఎలా ఉందో అడిగి రాసుకోండి.

డిజైన్ ఇంటర్వ్యూకైనా, సేఫ్టీ ఉద్యోగానికైనా ఆ రెండు పేజీలు ఫైల్లో సర్టిఫికెట్ల పైన పెట్టుకుని వెళ్ళండి. ఆ టైలరమ్మ "ఇప్పుడు నడుము కొంచెం నయం నాయనా" అన్న మాట రెండో పేజీలో ఉంటే, మీ మొదటి ఉద్యోగం మీరప్పటికే చేసేసినట్టు.