పాకం చూసేవాళ్లు, రసం తాగేవాళ్లు

మేళాలో స్టాల్ పెట్టేవాళ్లు చాలామంది చూపించడాన్నీ అమ్మడాన్నీ ఒకే పని అనుకుంటారు. పాత పల్లె బతుకును కళ్లముందు నిలబెట్టే ఉత్సవాల్లో ఈ పొరపాటుకు డబ్బు రూపంలోనే మూల్యం చెల్లించాలి. బోధన్ వైపు నుంచి ఎద్దు గానుగ తీసుకెళ్లి, చెరకు ఆడి, బెల్లం వండి చూపిద్దామనుకుంటే ముందు ఈ లెక్క తేల్చుకోండి. పాకం ఉడుకుతుంటే జనం గుంపు కడతారు, వీడియోలు తీస్తారు. దించేదాకా నిలబడి, ఓ ముక్క నోట్లో వేసుకుని, ‘మా తాతకూ గానుగ ఉండేది’ అని చెప్పి వెళ్లిపోతారు. వాళ్లలో కిలో బెల్లం కొనేవాళ్లు కొందరే. గ్లాసు రసం మాత్రం దాదాపు అందరూ తాగుతారు.

ఐదు రోజుల మేళాకు ఉదాహరణగా ఒక లెక్క వేద్దాం. అంకెలు మీ ఊరి ధరలను బట్టి మార్చుకోండి. స్టాల్ అద్దె 12,000. గానుగ, ఎద్దులు రానూపోనూ బండి కిరాయి 9,000. ముగ్గురు మనుషులకు రోజుకు 800 చొప్పున 12,000. రెండు టన్నుల చెరకు 10,000. గ్లాసులు, ఐస్, తిండి, బస 9,000. మొత్తం 52,000. టన్ను చెరకు వండితే సుమారు 100 కిలోల బెల్లం వస్తుంది. రెండు టన్నులూ బెల్లమే చేసి కిలో 100కు అమ్మితే చేతికొచ్చేది 20,000. అంటే 32,000 నష్టం. అందుకే ఒక టన్ను పాకానికి, ఒక టన్ను రసానికి విడగొట్టండి. బెల్లం మీద 10,000 పోను మిగతా 42,000 రసం మీద రావాలి. గ్లాసు 20 అనుకుంటే రోజుకు 420 గ్లాసులు అమ్మితేనే సమానం. రోజుకు 500 పోతే 8,000 మిగులుతుంది. 300 దగ్గర ఆగితే 12,000 పోతుంది. పాకం జనాన్ని పిలిచే బోర్డు, రసం గల్లాపెట్టె. ఈ సంగతి స్టాల్‌లో పనిచేసే ముగ్గురికీ తెలిసి ఉండాలి.

ఏ ఉత్సవమన్నది కాలం చూసి ఎంచుకోండి. చెరకు ఆడే రోజులు నవంబరు నుంచి మొదలవుతాయి. భీమ్‌గల్ లింబాద్రి గుట్ట జాతర కార్తీక పౌర్ణమికి, నిజామాబాద్ కంఠేశ్వర్‌లో రథసప్తమికి, హైదరాబాద్ శిల్పారామం చేతివృత్తుల మేళా డిసెంబరులో, నాంపల్లి నుమాయిష్ జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా. ఇవన్నీ చెరకుకు అనువైనవే. నిజామాబాద్ ఊర పండుగ ఆషాఢంలో. అప్పుడు పచ్చి చెరకు దొరకదు, పైగా అది దేవతల ఊరేగింపు. జనం స్టాళ్ల కోసం రారు. నుమాయిష్‌కు జనం కావలసినంత మంది వస్తారు గానీ 46 రోజుల అద్దె, 46 రోజుల కూలీ మోయగలిగినవాళ్లకే అది. కొత్తవాళ్లు చిన్న జాతరతో మొదలుపెట్టడం మంచిది.

స్టాల్ ఎవరి పేరు మీద ఉందో రసీదు చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. ఒకరు తీసుకున్న స్టాల్‌ను ఇంకొకరికి ఎక్కువకు తిప్పే దళారులు ప్రతి మేళాలో ఉంటారు. మొదటి రోజే నిర్వాహకులు వచ్చి ఖాళీ చేయమంటే మీ దగ్గర చూపడానికి ఏమీ ఉండదు. స్వయం సహాయక సంఘాల్లో ఉన్న ఆడవాళ్లు సరస్ మేళాల సంగతి జిల్లా గ్రామీణాభివృద్ధి కార్యాలయంలో అడగొచ్చు. చేతివృత్తులవాళ్లు తమ గుర్తింపు పత్రమైన పెహచాన్ కార్డు దగ్గర పెట్టుకోవాలి.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది నిప్పు సంగతి. 2019 జనవరి 30 రాత్రి నుమాయిష్‌లో మంటలు లేచి చాలా స్టాళ్లు బూడిదయ్యాయి. పొయ్యికి అనుమతి రాతపూర్వకంగా లేకపోతే పాకం లేనట్టే అనుకోండి. అప్పుడు గానుగ ఒక్కటే తిప్పి, ఇంట్లో వండిన బెల్లం అమ్మండి. ‘అక్కడికెళ్లాక మాట్లాడుకుందాం’ అన్న మాట నమ్మొద్దు. సరుకుకు ఇన్సూరెన్స్ కూడా అడిగి చూడండి. పిప్పిని స్టాల్ వెనుక పోగెయ్యొద్దు, అది పొయ్యికన్నా ప్రమాదం.

ఇక కాగితాలు. తినే సరుకు కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. జీఎస్టీ దగ్గర ఎక్కువమంది తికమక పడతారు. విడిగా తూచి ఇచ్చే బెల్లానికి పన్ను లేదు. అదే బెల్లాన్ని ప్యాకెట్ చేసి లేబుల్ వేస్తే 5 శాతం. ‘40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు’ అని ఇంకో రాష్ట్రంవాళ్లు చెబితే తలూపొద్దు, తెలంగాణలో సరుకులకు ఆ పరిమితి 20 లక్షలే. ప్యాకెట్లతో సరిహద్దు దాటి నాందేడ్ వైపు మేళాకు వెళ్తే ఆ పరిమితి కూడా పనిచేయదు. తాత్కాలిక రిజిస్ట్రేషన్‌కు కనీసం ఐదు రోజుల ముందు దరఖాస్తు పెట్టి, పన్ను అడ్వాన్సుగా కట్టాలి. అందుకే మొదటి ఏడాది విడి బెల్లమే అమ్మడం తేలిక.

మనవైపు మరో చిక్కు ఉంది. నల్లబెల్లం బండిలో కనబడితే గుడుంబా (నాటుసారా) కాయడానికేమోనన్న అనుమానంతో ఎక్సైజ్ వాళ్లు ఆపుతారు. పక్కన పటిక కూడా ఉంటే మాట వినరు. స్టాల్ కేటాయింపు కాగితం, చెరకు ఎక్కడ కొన్నారో బిల్లు డ్రైవర్ దగ్గరే ఉంచండి. ఈ తనిఖీకి భయపడి హైడ్రోస్ అనే రసాయనం కలిపి బెల్లాన్ని పసుపుపచ్చగా మార్చొద్దు. పాత పద్ధతి చూపిస్తున్నామని బోర్డు పెట్టి ఆ పని చేస్తే, తెలిసినవాడు ఒక్కడు అడిగినా స్టాల్ పరువు పోతుంది. మడ్డి తీయడానికి బెండ జిగురు వాడితే అది కూడా జనానికి చూపించదగ్గదే.

ఇక స్టాల్ ఎలా కనబడాలన్నది. అమెరికాలో అంతర్యుద్ధ కాలాన్ని నటించి చూపే శిబిరాల్లో చాలాచోట్ల వ్యాపారులు ఆ కాలపు గుడారం, ఆ కాలపు బట్టలతోనే కూర్చోవాలి. ప్లాస్టిక్ కుర్చీ కనబడినా నిర్వాహకులు ఒప్పుకోరు. మన దగ్గర అంత పట్టింపు లేదు గానీ ఫ్లెక్సీ బ్యానరు, నీలం టార్పాలిన్ మధ్య ఎద్దు గానుగ తేలిపోతుంది. కప్పుకు తడక, పోయడానికి ఇత్తడి చెంబు సరిపోతాయి. అడిగేవాళ్లకు చెప్పే చరిత్ర కూడా సరిగ్గా ఉండాలి. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలైంది, 2015 డిసెంబరులో మూతపడింది. ఈ రెండూ చెప్తే చాలు. నిజాం నవాబు మా తాత బెల్లమే తినేవాడన్న కథలు వద్దు. ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ల పిల్లలే ఆ గుంపులో నిలబడి వింటుండొచ్చు.

రోజూ పొద్దున స్టాల్ తెరవగానే మీ క్యూఆర్ కోడ్‌ను మీరే స్కాన్ చేసి పేరు చూసుకోండి. రద్దీలో దాని మీద వేరేవాళ్ల స్టిక్కర్ అతికించే దొంగలున్నారు. సౌండ్ బాక్స్ పలికేదాకా గ్లాసు ఇవ్వొద్దు, ఫోన్‌లో చూపే స్క్రీన్‌షాట్‌ను లెక్కలోకి తీసుకోవద్దు. సాయంత్రం ఆరు దాటితే నెట్‌వర్క్ సతాయిస్తుంది కాబట్టి పది, ఇరవై నోట్లు రెండు వేలకు తక్కువ లేకుండా ఉంచండి. రాత్రి స్టాల్ మూసేముందు ఎన్ని గ్లాసులు పోయాయో రాసిపెట్టండి. రెండో రోజు రాత్రికి మొత్తం 600 దాటకపోతే, మిగతా చెరకు తెప్పించే ఆర్డర్‌ను అప్పుడే తగ్గించండి.