తెలియని వాళ్ల దగ్గర ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ ఫోన్ కొంటున్నారా? డబ్బు ఎప్పుడు చేతులు మారాలో ముందు చూసుకోండి

మా బాబాయి కొడుకు విజయవాడలో డిగ్రీ చదువుతున్నాడు. సంక్రాంతి సెలవుల్లో ఒక క్లాసిఫైడ్స్ యాప్‌లో వన్‌ప్లస్ ఫోన్ యాడ్ చూశాడు. బయట సెకండ్ హ్యాండ్‌లో 24, 25 వేలకు తక్కువ రాని మోడల్ అది. యాడ్‌లో రేటు 15,500. ఫోటోలు నీట్‌గా ఉన్నాయి, బాక్స్ ఉంది, బిల్లు ఉందన్నారు. అమ్మే అతను హిందీలో మాట్లాడాడు. ఆర్మీలో ఉన్నానని, ట్రాన్స్‌ఫర్ అయిందని, అందుకే అర్జెంటుగా తీసేస్తున్నానని చెప్పాడు. అడగకముందే వాట్సాప్‌లో ఐడీ కార్డు, ఆధార్, యూనిఫాం ఫోటో పంపాడు.

ముందు బుకింగ్ కోసం 1,550 అడిగాడు. అది వెళ్లాక కొరియర్ రసీదు ఫోటో వచ్చింది. మర్నాడు 'డెలివరీ బాయ్' ఫోన్ చేసి, 5,999 సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలి, పార్సిల్ ఇచ్చేటప్పుడు తిరిగి ఇచ్చేస్తాం అన్నాడు. కట్టాడు. తర్వాత 'పేమెంట్ మా సిస్టమ్‌లో అప్‌డేట్ కాలేదు, ఇంకోసారి అదే అమౌంట్ వేయండి, రెండూ కలిపి రిఫండ్ అవుతాయి' అన్నారు. అదీ కట్టాడు. మొత్తం 13,548 రూపాయలు పోయాక నాకు ఫోన్ చేశాడు. పోయిందని చెప్పడానికి కాదు. "అన్నా, ఇంకో రెండు వేలు కడితే మొత్తం రిఫండ్ వస్తుందంట, పంపవా?" అని అడగడానికి.

వాడు తెలివి తక్కువ వాడేం కాదు. ఫోన్ల స్పెసిఫికేషన్లు నాకంటే వాడికే బాగా తెలుసు. ప్రాసెసర్ ఏంటి, స్క్రీన్ ఎంత హెర్ట్జ్, అన్నీ చూసుకున్నాడు. చూసుకోనిది ఒక్కటే: వస్తువు ఇటు రాకముందే డబ్బు అటు వెళ్తోంది. ఈ ఆర్టికల్ మొత్తం ఆ ఒక్క పాయింట్ గురించే.

మధ్యలో ఒకరు ఉండేవారు

ఇండియాలో ఆన్‌లైన్ వేలం అంటే మొదట గుర్తొచ్చేది బాజీ డాట్ కామ్. 2004లో ఈబే దాన్ని కొని ఈబే ఇండియా చేసింది. అక్కడ పైసాపే అనే పేమెంట్ పద్ధతి ఉండేది. కొనేవాళ్లు కట్టిన డబ్బు నేరుగా అమ్మేవాళ్లకి వెళ్లేది కాదు. మధ్యలో ఆగి, వస్తువు చేరాకే విడుదలయ్యేది. ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర కొనడానికి జనం ధైర్యం చేశారంటే కారణం అదే. 2018 ఆగస్టులో ఈబే ఇండియా సైట్ మూతపడింది.

ఇప్పుడు మనం ఎక్కువగా వాడే ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లలో వ్యక్తుల మధ్య జరిగే బేరానికి అలాంటి మధ్యవర్తి లేడు. అవి నోటీసు బోర్డు లాంటివి. యాడ్ పెట్టుకోవచ్చు, చాట్ చేసుకోవచ్చు, అక్కడితో సరి. యూపీఐ అయితే క్షణాల్లో డబ్బు పంపేస్తుంది, వెనక్కి లాగే బటన్ దాంట్లో లేదు. కాబట్టి ఆ మధ్యలో ఆపే పని మనమే చేసుకోవాలి. అంటే ఎదురెదురుగా కలవాలి, ఫోన్ చెక్ చేయాలి, రీసెట్ చేయించాలి, ఆ తర్వాతే పేమెంట్. ఈ వరసలో ఏది వెనకాముందూ అయినా రిస్క్ మీదే. టోకెన్ అడ్వాన్స్, కొరియర్ చార్జీ, 'వేరే వాళ్లు కూడా అడుగుతున్నారు, 500 వేస్తే మీకోసం ఆపుతా'... ఇవన్నీ ఆ వరసను తిప్పేయడానికే. నిజంగా అమ్మాలనుకునే వాళ్లు కూడా ఒక్కోసారి టోకెన్ అడుగుతారు, కాదనను. ఇవ్వకండి. ఆ ఫోన్ పోతే ఇంకో ఫోన్ దొరుకుతుంది.

ఐడీ కార్డు ఫోటోకి విలువ సున్నా. అది అంతకుముందు మోసపోయిన వాళ్లెవరిదో అయ్యుండొచ్చు. అసలు ఫోన్ అమ్మడానికి అడగకుండానే ఆధార్ పంపే మనిషిని చూస్తే నాకు నమ్మకం కాదు, అనుమానం వస్తుంది. దానికి బదులు వాట్సాప్ వీడియో కాల్ చేసి, ఫోన్‌లో *#06# డయల్ చేసి చూపించమనండి. ఫోన్ చేతిలో లేనివాడు అక్కడే దొరికిపోతాడు. ఊళ్లో లేను, కొరియర్ తప్ప కుదరదు అంటే అక్కడితో వదిలేయండి.

ఐఎంఈఐ: దొంగ ఫోన్ కాదని తేల్చుకునేది ఇక్కడే

డబ్బు పోవడం ఒక బాధ. దొంగిలించిన ఫోన్ కొనడం దానికంటే పెద్ద తలనొప్పి. ఎవరైనా పోయిన ఫోన్‌ను కేంద్ర ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్‌లో బ్లాక్ చేస్తే, ఆ ఐఎంఈఐ దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయదు. అందులో ఎవరైనా సిమ్ వేస్తే ఆ వివరాలు పోలీసులకు వెళ్తాయి. 2023 మే నుంచి ఇది సంచార్ సాథీలో భాగంగా దేశమంతా నడుస్తోంది. ఇలా పోయిన ఫోన్లను వెతికి పట్టుకోవడంలో తెలంగాణ పోలీసులు ముందు వరసలో ఉన్నారు. అలా దొరుకుతున్న ఫోన్లలో కొన్ని మనలాంటి వాళ్ల జేబుల్లోంచే వస్తాయి. పోలీసుల నుంచి కాల్ వస్తే ఫోన్ ఇచ్చేయాల్సిందే, కట్టిన డబ్బు సంగతి అమ్మినవాడితో తేల్చుకోవాలి, వాడు దొరికితే. పైగా భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ ప్రకారం దొంగ సొత్తు అని తెలిసి గానీ, అలా నమ్మడానికి కారణం ఉండి గానీ దురుద్దేశంతో తీసుకుంటే నేరం. సగం రేటుకి, బిల్లు లేకుండా, బస్టాండ్ దగ్గర కొన్నానంటే 'నాకేం తెలియదు సార్' అన్న మాట నమ్మించడం కష్టం.

చెక్ చేయడం మాత్రం చాలా ఈజీ. ఫోన్ మీ చేతిలోకి తీసుకుని *#06# డయల్ చేయండి. వచ్చే 15 అంకెల నంబర్, బాక్స్ మీది నంబర్, బిల్లు మీది నంబర్ మూడూ ఒకటే ఉండాలి. డ్యూయల్ సిమ్ అయితే రెండు ఐఎంఈఐలు వస్తాయి, రెండూ చూడండి. తర్వాత మెసేజ్‌లో ఇంగ్లీష్ పెద్దక్షరాలతో కేవైఎం అని కొట్టి, స్పేస్ ఇచ్చి, ఆ నంబర్ టైప్ చేసి 14422కి పంపండి. సంచార్ సాథీ యాప్‌లో కూడా చూడొచ్చు. బ్లాక్‌లిస్టెడ్, డూప్లికేట్, ఆల్రెడీ ఇన్ యూజ్ అని వస్తే ఆ ఫోన్ అక్కడే పెట్టేసి వచ్చేయండి. స్టేటస్‌తో పాటు కంపెనీ, మోడల్ పేరు కూడా వస్తాయి. చేతిలో శాంసంగ్ ఉండి రిజల్ట్‌లో ఇంకేదో కంపెనీ పేరు వచ్చిందంటే ఆ ఐఎంఈఐ మార్చేశారని అర్థం.

ఒక చిన్న విషయం, కోడింగ్ చేసేవాళ్లకి నచ్చుతుంది. ఐఎంఈఐలో 15వ అంకె ముందున్న 14 అంకెల నుంచి లూన్ లెక్కతో వస్తుంది. నంబర్‌ను ఇష్టమొచ్చినట్టు కొట్టేస్తే చాలాసార్లు ఆ లెక్క తప్పుతుంది. కానీ ఇంకో నిజమైన ఫోన్ నంబర్‌ను కాపీ కొడితే లెక్క కరెక్ట్‌గానే ఉంటుంది. అందుకే ఏదో ఐఎంఈఐ చెకర్ వెబ్‌సైట్‌లో 'వ్యాలిడ్' అని వచ్చిందని సరిపెట్టుకోకండి, ప్రభుత్వ డేటాబేస్‌లోనే చూడండి.

దీనికీ ఒక లిమిట్ ఉంది. నిన్న రాత్రి పోయిన ఫోన్‌కి ఇంకా కంప్లైంట్ పడకపోయి ఉంటే ఈరోజు చెక్‌లో క్లీన్‌గానే కనిపిస్తుంది. అందుకే ఒరిజినల్ బిల్లు కావాలి, అమ్మే మనిషి పేరుకీ బిల్లులో పేరుకీ సంబంధం ఉండాలి. 'బిల్లు మా బావ పేరు మీద ఉంది' అంటే ఆ బావతో ఒకసారి ఫోన్‌లో మాట్లాడించమనండి.

మీ కళ్ల ముందే రీసెట్

చాలామంది ఫోన్ ముందే రీసెట్ చేసి తీసుకొస్తారు. అది చూసి సంతోషించకండి. గూగుల్ అకౌంట్ తీయకుండా రికవరీ మోడ్‌లో రీసెట్ చేస్తే, సెటప్ మధ్యలో పాత అకౌంట్ లేదా పాత పిన్ అడుగుతుంది. దాన్నే ఎఫ్‌ఆర్‌పీ లాక్ అంటారు. ఐఫోన్‌లో యాక్టివేషన్ లాక్. ఈ రెండూ దొంగలను ఆపడానికి పెట్టినవి, కాబట్టి పాత ఓనర్ పాస్‌వర్డ్ లేకుండా ఆ ఫోన్ మీకు పేపర్ వెయిట్‌గా మాత్రమే పనికొస్తుంది.

అమ్మే వాళ్లనే సెట్టింగ్స్‌లోకి వెళ్లి గూగుల్ అకౌంట్ తీయమనండి. శాంసంగ్, షావోమీ ఫోన్లలో ఆ కంపెనీ అకౌంట్ కూడా తీయాలి. ఐఫోన్ అయితే ఐక్లౌడ్ నుంచి సైన్ అవుట్ చేయాలి, ఫైండ్ మై ఆఫ్ అవ్వాలి. తర్వాత సెట్టింగ్స్ నుంచే రీసెట్. ఫోన్ ఆన్ అయ్యాక మీ హాట్‌స్పాట్‌కి కనెక్ట్ చేసి, మీ అకౌంట్‌తో హోమ్ స్క్రీన్ వచ్చేదాకా సెటప్ చేయండి. పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. 'టైమ్ లేదు బ్రో, ఇంటికెళ్లి చేస్కో' అంటే డబ్బు కూడా ఇంటికెళ్లాకే ఇస్తానని చెప్పండి.

ఈ సెటప్‌లోనే ఇంకోటి బయటపడుతుంది. ఈఎంఐలో కొన్న కొన్ని ఫోన్లలో ఫైనాన్స్ కంపెనీల లాక్ యాప్ ఉంటుంది. రీసెట్ చేసినా నెట్ తగలగానే తిరిగి వచ్చేస్తుంది. వాయిదా కట్టడం ఆపేస్తే ఫోన్ లాక్ అయిపోతుంది. ఈ డివైస్‌ను ఒక సంస్థ మేనేజ్ చేస్తోంది అని సెటప్‌లో కనిపించినా, డివైస్ అడ్మిన్ యాప్స్ లిస్టులో తెలియని పేరు ఉన్నా ఆగండి. ఈఎంఐ ఫోన్ అని తెలిస్తే బాకీ తీరిపోయినట్టు ఎన్‌ఓసీ అడగండి.

హార్డ్‌వేర్ గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. శాంసంగ్‌లో *#0*#, షావోమీలో *#*#6484#*#* డయల్ చేస్తే టెస్ట్ మెనూ వస్తుంది. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లో మోడల్ నంబర్ మొదటి అక్షరం చూడండి: ఎం అంటే కొత్తగా అమ్మింది, ఎఫ్ అంటే రీఫర్బిష్డ్, ఎన్ అంటే సర్వీస్‌లో మార్చి ఇచ్చింది. బ్యాటరీ, స్క్రీన్ మార్చి ఉంటే కొత్త మోడల్స్‌లో అక్కడే కనిపిస్తుంది. మీ సిమ్ వేసి ఒక కాల్ మాట్లాడండి, చార్జర్ పెట్టి చూడండి. ఇవన్నీ ప్రశాంతంగా చేయాలంటే పగటిపూట, జనం ఉండే చోట కలవాలి. హైదరాబాద్‌లో అయితే నేను ఆబిడ్స్ జగదీష్ మార్కెట్ దగ్గర కలవమంటా. డౌట్ వస్తే పక్కనే రిపేర్ షాపులు ఉన్నాయి.

చెక్ అంతా అయ్యాక 'సిమ్ తీసుకుంటా, కవర్ వేసిస్తా' అని ఫోన్ వెనక్కి తీసుకుని డమ్మీ ఫోన్ అంటగట్టే బ్యాచ్‌లు కూడా ఉన్నాయి. ఒకసారి మీ చేతికి వచ్చాక ఇంక వదలకండి. వదిలితే *#06# మళ్లీ కొట్టాకే పేమెంట్.

పేమెంట్, రసీదు

క్యాష్ కంటే యూపీఐ నయం, రికార్డ్ ఉంటుంది. పిన్ కొట్టేముందు స్క్రీన్ మీద వచ్చే పేరు చూడండి. ఎదురుగా ఉన్న మనిషి పేరు కాకుండా ఇంకెవరిదో వస్తే ఎందుకో అడగండి. తర్వాత తెల్ల కాగితం మీద రాయించుకోండి: ఫలానా నేను, ఈ తేదీన, ఈ మోడల్, ఈ ఐఎంఈఐ ఉన్న నా సొంత ఫోన్‌ను ఇంత మొత్తానికి ఫలానా వారికి అమ్మాను, దీని మీద ఈఎంఐ బాకీ లేదు. ఇద్దరి సంతకాలు, ఫోన్ నంబర్లు, అమ్మినవాళ్ల ఐడీ కాపీ. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో కాదు, ఒరిజినల్ చూసి తీసుకున్న కాపీ. యాడ్ స్క్రీన్‌షాట్ కూడా దాచుకోండి, అమ్మాక చాలామంది డిలీట్ చేసేస్తారు.

మీరు ఫోన్ అమ్ముతున్నా ఒక మాట. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, క్యూఆర్ స్కాన్ చేయక్కర్లేదు. వ్యక్తుల మధ్య కలెక్ట్ రిక్వెస్టులను ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేసింది గానీ, 'ఈ క్యూఆర్ స్కాన్ చేస్తే మీకు డబ్బు పడుతుంది' అనే మోసం ఇంకా నడుస్తూనే ఉంది.

అమెరికాలో ఉన్న అక్కతోనో బావతోనో ఈబేలో వేలం పాడించి తెప్పించుకునే వాళ్లు కూడా ఉన్నారు. అక్కడ ఈబే మనీ బ్యాక్ గ్యారంటీ ఉంది, కానీ డబ్బు ఈబే లోపల కడితేనే. 'బయట పే చేస్తే తగ్గిస్తా' అంటే ఆ గ్యారంటీ పోయినట్టే. 'ఫర్ పార్ట్స్ ఆర్ నాట్ వర్కింగ్' అని రాసి ఉంటే రేటు చూసి ఆశపడకండి, అది పనిచేయదని చెప్పేశాడు. ఐఫోన్ అయితే అబౌట్‌లో క్యారియర్ లాక్ దగ్గర 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' ఉందో లేదో అడగండి. అమెరికా మోడల్‌లో ఐఫోన్ 14 నుంచి సిమ్ ట్రే లేదు, ఈసిమ్ ఒక్కటే. ఫోన్ ఇక్కడికి వచ్చాక తెలుసుకుని లాభం లేదు.

డబ్బు పోయిందని తెలిసిన నిమిషమే 1930కి కాల్ చేయండి. అమౌంట్, టైమ్, యూపీఐ ట్రాన్సాక్షన్ నంబర్, ఎవరికి వెళ్లిందో చెప్పాలి, అవి దగ్గర పెట్టుకోండి. అవతలి అకౌంట్లో డబ్బు ఇంకా కదలకుండా ఉంటే ఆపగలుగుతారు. మీ బ్యాంకుకీ చెప్పండి, నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ పూర్తి చేయండి. మా వాడు ఇంట్లో తిడతారని భయపడి మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. మేం 1930కి కాల్ చేసేసరికి ఆ అకౌంట్ ఖాళీ. కంప్లైంట్ నంబర్ అయితే వచ్చింది. ఆ 'ఆర్మీ అతను' మాత్రం మర్నాడు కూడా మెసేజ్ పెట్టాడు, ఇంకో రెండు వేలు వేస్తే రిఫండ్ ప్రాసెస్ అవుతుందని.