మేనేజ్డ్ హోస్టింగ్ తీసుకుంటున్నారా? ధర్మవరం చీరల షాపు లెక్కతో లాభాలు, పరిమితులు తెలుసుకోండి

స్మార్ట్‌ఫోన్ కొనేముందు ర్యామ్, బ్యాటరీ, కెమెరా అన్నీ పోల్చి చూస్తాం. వెబ్‌సైట్ హోస్టింగ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామంది ‘నెలకు ఎంత?’ అని ఒక్క ప్రశ్నతో సరిపెట్టేస్తారు. అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. ఉదాహరణకు ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఒక కుటుంబం వర్డ్‌ప్రెస్, వూకామర్స్‌తో సొంతంగా ఆన్‌లైన్ షాపు పెడుతోందనుకుందాం. శ్రావణ మాసం, పెళ్లిళ్ల సీజన్ వాళ్లకు ముఖ్యం. ఆ వారంలో సైట్ ఆగిపోతే అమ్మకం పోయినట్టే. వాళ్లకు ఏ ప్లాన్ సరిపోతుందో చూద్దాం.

షేర్డ్, మేనేజ్డ్: తేడా ఏంటి?

అనంతపురం ప్రాంతం వాళ్లకు బోరుబావి లెక్కలో చెబితే సులభంగా అర్థమవుతుంది. ఏడాదికి సగటున 550 మి.మీ. దరిదాపుల్లోనే వాన పడే నేల ఇది. ఒకే బోరు మీద పది మంది రైతులు ఆధారపడితే, ఒకరు ఎక్కువ తోడుకున్న రోజు మిగతావాళ్ల చేనుకు నీళ్లు తగ్గుతాయి. షేర్డ్ హోస్టింగ్ కూడా ఇంతే. ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకుంటాయి.

మేనేజ్డ్ హోస్టింగ్‌లో మీ వాటాతో పాటు మోటారు చూసుకునే మనిషిని కూడా ఇస్తారన్నమాట. సర్వర్ అప్‌డేట్లు, సెక్యూరిటీ, రోజువారీ బ్యాకప్, ఎస్ఎస్ఎల్, క్యాషింగ్ లాంటివి కంపెనీయే చూసుకుంటుంది. చాలా ప్లాన్లలో స్టేజింగ్ కూడా ఉంటుంది. అంటే అసలు సైట్‌ను ముట్టుకోకుండా, దాని నకలు మీద మార్పులు చేసి పరీక్షించుకోవచ్చు.

పరిమితి 1: విజిట్లు, బ్యాండ్‌విడ్త్

మేనేజ్డ్ వర్డ్‌ప్రెస్ ఎంట్రీ ప్లాన్లలో నెలకు 25,000 విజిట్లు, 10 జీబీ స్టోరేజ్ లాంటి అంకెలు తరచుగా కనిపిస్తాయి. 25,000 అంటే రోజుకు సుమారు 830 విజిట్లు. మామూలు రోజుల్లో చాలు. ఒక ఇన్‌స్టాగ్రామ్ రీల్ వైరల్ అయితే? పరిమితి దాటాక అదనపు చార్జీ వేస్తారా, సైట్ ఆపేస్తారా, పెద్ద ప్లాన్‌కు మారమంటారా అనేది ముందే అడగండి.

బ్యాండ్‌విడ్త్ లెక్క ఇంకా ముఖ్యం. ఫోన్‌తో తీసిన ఫోటో 4 ఎంబీ అనుకోండి. ఒక పేజీలో 12 చీరల ఫోటోలు అలాగే పెడితే 48 ఎంబీ. ప్లాన్‌లో 75 జీబీ ఉంటే, ఆ పేజీని సుమారు 1,560 సార్లు తెరిచేసరికి మొత్తం అయిపోతుంది. అవే ఫోటోలను 200 కేబీకి కుదిస్తే పేజీ 2.4 ఎంబీ అవుతుంది. అప్పుడు 31,000 సార్లకు పైగా తెరవొచ్చు. ప్లాన్ మార్చకుండానే 20 రెట్లు లాభం! డబ్బు కట్టే ముందు చేయాల్సిన పని ఇదే.

పరిమితి 2: క్యాష్ అన్నిటికీ పనిచేయదు

మేనేజ్డ్ సైట్ వేగంగా ఉండటానికి ప్రధాన కారణం పేజీ క్యాష్. ముందే తయారుచేసి పెట్టిన పేజీని అందరికీ చూపిస్తుంది. కానీ కార్ట్, చెక్అవుట్ పేజీలు ఒక్కో కస్టమర్‌కు ఒక్కోలా ఉంటాయి కాబట్టి వాటిని క్యాష్ చేయరు. అక్కడ పనిచేసేది పీహెచ్‌పీ వర్కర్లు. అవి తక్కువగా ఉంటే హోమ్ పేజీ చకచకా తెరుచుకుంటుంది, డబ్బు కట్టే పేజీ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. షాపు సైట్ అయితే విజిట్ల కంటే ముందు ఈ సంఖ్యే అడగాలి.

పరిమితి 3: ప్లగిన్లు, ఈమెయిల్

డబ్ల్యూ3 టోటల్ క్యాష్, డబ్ల్యూపీ సూపర్ క్యాష్ లాంటి ప్లగిన్లను డబ్ల్యూపీ ఇంజిన్ అనుమతించదు. సొంత క్యాష్ సిస్టమ్‌తో గొడవ రాకుండా ఈ నిబంధన. అలాగే డబ్ల్యూపీ ఇంజిన్, కిన్‌స్టా లాంటి కంపెనీలు ఈమెయిల్ హోస్టింగ్ ఇవ్వవు. మీ డొమైన్ పేరుతో మెయిల్ కావాలంటే అది వేరే ఖర్చు.

పరిమితి 4: బ్యాకప్ ఉంది, కానీ...

రోజుకోసారి బ్యాకప్ అంటే వినడానికి బాగుంటుంది. రాత్రి 2 గంటలకు బ్యాకప్ అయి, సాయంత్రం 5 గంటలకు సైట్ పాడైందనుకోండి. పాత బ్యాకప్‌ను పూర్తిగా తిరిగి పెడితే, మధ్యలో వచ్చిన 15 గంటల ఆర్డర్లు సైట్‌లోంచి పోతాయి. డబ్బు కట్టిన కస్టమర్ ఫోన్ చేస్తే మీ దగ్గర వివరం ఉండదు. షాపు సైట్లకు గంటగంటకు బ్యాకప్ ఉందేమో చూడండి.

ఇంకో మాట: 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ తగలబడింది. వేరే చోట కాపీ లేని కస్టమర్లు డేటా కోల్పోయారు. అందుకే వారానికోసారైనా ఒక కాపీ మీ హార్డ్ డిస్క్‌లో దింపుకోండి.

సర్వర్ ఎక్కడుంది?

కస్టమర్లు ఎక్కువగా ఆంధ్ర, తెలంగాణ, బెంగళూరు వాళ్లయితే సర్వర్ మన దేశంలోనే ఉండటం మేలు. అమెజాన్ క్లౌడ్‌కు 2016 నుంచి ముంబైలో, 2022 నవంబర్ నుంచి హైదరాబాద్‌లో సర్వర్ల కేంద్రాలు ఉన్నాయి. సైన్ అప్ చేసేటప్పుడు లొకేషన్ ఎంచుకునే అవకాశం ఉందో లేదో చూడండి.

బయటికి వచ్చే దారి

2024 సెప్టెంబర్‌లో వర్డ్‌ప్రెస్.ఆర్గ్, డబ్ల్యూపీ ఇంజిన్‌ల మధ్య గొడవ ముదిరి, ఆ హోస్టింగ్‌లోని సైట్లకు ప్లగిన్ అప్‌డేట్లు ఆగిపోయాయి. డిసెంబర్‌లో కోర్టు ఉత్తర్వు ఇచ్చాకే యాక్సెస్ తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. ఎంత పెద్ద కంపెనీ అయినా ఇలాంటివి జరగొచ్చు. అందుకే డొమైన్ మాత్రం మీ సొంత పేరు మీద, మీ సొంత మెయిల్‌తో రిజిస్టర్ చేసుకోండి. సైట్ చేసిపెట్టిన కుర్రాడి పేరు మీద వద్దు. డొమైన్ మీ చేతిలో, బ్యాకప్ మీ డిస్క్‌లో ఉంటే వేరే హోస్ట్‌కు మారిపోవచ్చు.

చివరగా ఏం చేయాలి?

ఫోటోలు, అడ్రస్, వాట్సాప్ నంబర్ మాత్రమే ఉన్న సైట్ అయితే షేర్డ్ హోస్టింగ్ చాలు. సైట్ మీదే ఆర్డర్లు, పేమెంట్లు తీసుకుంటూ, సర్వర్ చూసుకునే మనిషి ఇంట్లో లేకపోతే మేనేజ్డ్‌కు పెట్టే డబ్బు దండగ కాదు. మొదటి ఏడాది ఆఫర్ ధర కాకుండా రెన్యువల్ ధర, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి లెక్క వేసుకోండి. ముందు నెలవారీ ప్లాన్‌తో ఒక సీజన్ నడిపి చూసి, ఆ తర్వాతే మూడేళ్లకు కట్టండి.