నమూనా రైలు: మోటారు కరెంటుకు తగిన డీకోడర్

1:87 నిష్పత్తిలో తయారయ్యే హెచ్‌ఓ నమూనా రైలు ఇంజన్‌ను డిజిటల్ పద్ధతిలో నడపాలంటే అందులో డీకోడర్ అనే చిన్న సర్క్యూట్ బోర్డు ఉండాలి. పట్టాల ద్వారా అందే ఆదేశాలను చదివి మోటారుకు కరెంటు ఇచ్చేది ఇదే. మోటారు తీసుకునే కరెంటు డీకోడర్ పరిమితిని దాటితే బోర్డు వేడెక్కి కాలిపోవచ్చు.

మోటారు తిరుగుతున్నంతసేపు దాని తీగచుట్టల్లో సరఫరాకు ఎదురుగా ఒక వోల్టేజి పుడుతుంది. అందుకే నడిచే మోటారుకు తక్కువ కరెంటు చాలు. చక్రాలు ఇరుక్కుని మోటారు ఆగిపోతే ఆ ఎదురు వోల్టేజి సున్నా అవుతుంది. అప్పుడు కరెంటును అడ్డుకునేది తీగచుట్ట నిరోధం ఒక్కటే. ఓమ్ నియమం ప్రకారం 12 వోల్టుల వద్ద 15 ఓమ్‌ల మోటారు ఆగిపోతే 0.8 ఆంపియర్లు, 5 ఓమ్‌ల మోటారు అయితే 2.4 ఆంపియర్లు తీసుకుంటుంది. 1 ఆంపియర్ డీకోడర్ మొదటిదానికి సరిపోతుంది, రెండోదానికి చాలదు.

అందుకే డీకోడర్ అమర్చక ముందే కొలవాలి. మోటారును 12 వోల్టుల డీసీ సరఫరాకు కలిపి, మధ్యలో సిరీస్‌గా అమ్మీటరు పెట్టాలి. మోటారు షాఫ్టును ఒకటి రెండు సెకన్లు మాత్రమే ఆపి రీడింగ్ చూడాలి. ఎక్కువసేపు ఆపితే తీగచుట్ట దెబ్బతింటుంది. పట్టాలపై వోల్టేజి 12 కన్నా ఎక్కువైతే అదే నిష్పత్తిలో కరెంటు కూడా పెరుగుతుందని లెక్కించాలి.

డీకోడర్ వివరాల్లో సాధారణంగా రెండు అంకెలు కనిపిస్తాయి: నిరంతరం ఇవ్వగల కరెంటు, కొద్ది క్షణాలు మాత్రమే తట్టుకోగల కరెంటు. కొలిచిన విలువను పోల్చాల్సింది మొదటి అంకెతోనే. లైట్లు, స్పీకరు ఉంటే వాటి వాడకాన్ని డీకోడర్ మొత్తం పరిమితిలో కలిపి చూసుకోవాలి.